అమ్మ చేసిచ్చిన బొరియ

కొండవాలు నిండా కుంకుడు చెట్లు ఉండడం వల్ల ఆ అడవికి కుంకుడుకోన అని పేరు వచ్చింది. అక్కడ కణుజులనే పెద్ద జింకలు, కుందేళ్ళు, ఉడుతలు, ముంగిసలు, పందికొక్కులు, ముళ్ళపందులు ఇరుగుపొరుగుగా బతికేవి. అప్పుడప్పుడూ తగవు పడేవి. తగవు ఎందుకొచ్చిందో మర్చిపోయి మళ్ళీ కలిసిపోయేవి.

వాగు ఒడ్డున ఒరిగిన పెద్ద బండ కింద చిన్నపిల్లలకు ఒక బడి ఉండేది. అందులో ఒకటో తరగతి ఒక్కటే ఉండేది. అంతకు మించిన చదువు ఆ అడవిలో ఎవరికీ అవసరం పడలేదు.

చాలాకాలం ఆ బడిలో గోరువంక మాస్టారు పాఠం చెప్పాడు. ఆయన కొమ్మ మీద కూర్చుని ఒక ప్రశ్న అడిగేవాడు. పిల్లలు కింద కూర్చుని జవాబు అరిచేవారు.

"బొరియ ఎక్కడ ఉండును?"

"నేలలో ఉండును!"

"బొరియకు దారులెన్ని ఉండును?"

"రెండుండును!"

ఆ అరుపులు వాగు అవతలికి కూడా వినిపించేవి. అరుపు వినిపిస్తే చదువు సాగుతున్నట్టే అనుకుని పెద్దలు హాయిగా నిద్రపోయేవారు.

ఆ ఏడు మాస్టారికి వేరే అడవికి బదిలీ అయింది. ఆయన స్థానంలో తేనెమ్మ అనే ఎలుగుబంటి పంతులమ్మగా వచ్చింది. ఆమె వచ్చిన రోజు నుంచీ బడిలో అరుపులు ఆగిపోయాయి. వాటి బదులు నీళ్ళు చిలికే చప్పుడు, మట్టి తట్టే చప్పుడు, మధ్యమధ్య పిల్లల నవ్వులు వినిపించసాగాయి.

ఇది చూసి అందరూ కొంచెం తికమకపడ్డారు. అందరి తికమకా కలిపి ఒక్కతే పడింది ముళ్ళపంది మాణిక్యమ్మ.

మాణిక్యమ్మ మంచిదే. కాకపోతే ఏ పనైనా తను చేస్తేనే పని అనుకునే రకం. కుంకుడుకోనలో ఆమె బొరియంత నున్నని బొరియ లేదు. ఆమె ముళ్ళంత మెరిసే ముళ్ళూ లేవు. నడిచేటప్పుడు వాటిని కావాలని గలగలలాడించేది. ఎవరైనా తిరిగి చూస్తే చూడనట్టు వెళ్ళిపోయేది.

ఆమెకు ఒక్కతే కూతురు. పేరు సూది. పుట్టినప్పుడు ఒంటి మీద ఒక్క ముల్లు మాత్రమే నిక్కబొడుచుకుని ఉందని ఆ పేరు పెట్టారు.

ముళ్ళపందులు దుంపలు తవ్వుకుని తింటాయి. తవ్వుకున్న బొరియలో తలదాచుకుంటాయి. వానలు వెనకబట్టి చలి ముదిరేసరికి పిల్లలు తల్లిని విడిచి, సొంతంగా బొరియ తవ్వుకుని బతకాలి. అది ఆ జాతి ఆచారం. తవ్వడం రానిదాన్ని ఆకలైనా చంపుతుంది, తోడేలైనా చంపుతుంది. మాణిక్యమ్మకు రాత్రింబవళ్ళూ అదే బెంగ. అందుకే పిల్లను ముద్దు చేయకుండా బళ్ళో వేసింది.

మొదటిరోజు సూది మోచేతుల దాకా నురగ పూసుకుని ఇంటికి వచ్చింది.

"ఏం నేర్పారే?" అని తల్లి అడిగింది.

"కుంకుడుకాయలు చితక్కొట్టి నురగ చేశాం."

"నురగ సరే. చదువేదీ?"

సూది ఆలోచించింది. "అదేనేమో అమ్మా," అంది.

మర్నాడు కుంకుడు గింజలు తెచ్చింది. వాటిని కుప్పలుగా పేర్చి, విడదీసి, మళ్ళీ కలిపారట. ఆ మర్నాడు ఒళ్ళంతా ఆకులు అంటించుకుని వచ్చింది. గరుకాకులు ఒకపక్క, నునుపాకులు ఒకపక్క పెట్టారట. మాణిక్యమ్మ ముక్కున వేలేసుకుంది. ఇంటి దగ్గర ఇలాంటి పని చేస్తే ఆటలని తిడతాం. బళ్ళో చేస్తే చదువెలా అవుతుంది? ఎంత ఆలోచించినా ఆమెకు అంతు చిక్కలేదు.

పక్క బొరియలో ఉండే పందికొక్కు పోలమ్మను వెళ్ళి అడిగింది. పోలమ్మ కూతురు దుమ్మి కూడా అదే బడికి పోతుంది.

"వదినా, మీ దుమ్మికి ఏమన్నా అర్థమవుతోందా బళ్ళో?"

"ఏమో వదినా. ఇంటికొచ్చి ఆకలి ఆకలి అంటోంది. ఒళ్ళెరగకుండా నిద్రపోతోంది. బాగానే ఉన్నట్టుంది."

"తిండీ నిద్రా సరే, నోటికేమన్నా వచ్చిందా?"

"నోటికి అన్నం వస్తోందిగా!" అని పోలమ్మ నవ్వేసింది.

మాణిక్యమ్మకు ఆ నవ్వు కూడా అర్థం కాలేదు.

కొన్నాళ్ళకు తేనెమ్మ పిల్లల్ని వాగు ఒడ్డుకు తీసుకెళ్ళి మట్టితో బొరియలు కట్టించడం మొదలుపెట్టింది. ఇసుకలో ఒకటి, ఎర్రమట్టిలో ఒకటి, బంకమట్టిలో ఒకటి. కట్టాక పైనుంచి నీళ్ళు పోసేవారు. కొన్ని నిలిచేవి, ఎక్కువ కూలేవి.

ఒక సాయంత్రం సూది పరుగెత్తుకుంటూ వచ్చింది. కళ్ళు, ముక్కు తప్ప అంతా బురదే.

"అమ్మా, అమ్మా! ఇవాళ నా బొరియ మాటిమాటికీ కూలిపోయింది!"

"కూలిపోతే అంత సంబరమేమిటే?"

"ఎందుకు కూలిందో చూడమంది పంతులమ్మ. కప్పు పలచన అయింది. దుమ్మిది కూడా కూలింది. రేపు మధ్యలో పుల్ల పెట్టి చూస్తాం. అప్పుడూ కూలితే ఇంకోలా చూస్తాం."

మాణిక్యమ్మ తల తిరిగింది. గోరువంక మాస్టారి దగ్గర తప్పు చెబితే ఆయన ముక్కుతో పొడిచేవాడు. ఇక్కడ తప్పు చేసిన పిల్ల ఇంటికొచ్చి పండగ చేసుకుంటోంది. ఈ బడి పిల్లను బాగుచేస్తోందా, పాడుచేస్తోందా?

ఇంతలో అడవి పెద్ద అయిన కణుజు రామన్న బడి చూడడానికి వస్తున్నాడని కబురు వచ్చింది. ఎవరి బొరియ బొమ్మ వాళ్ళు ఇంటి దగ్గర సొంతంగా చేసి తీసుకురావాలని తేనెమ్మ పిల్లలతో చెప్పింది.

సూది ఎర్రమట్టి తెచ్చి గుమ్మం దగ్గర కూర్చుని చేయడం మొదలుపెట్టింది. ఒక పక్క ఉబ్బింది, ఒక పక్క దిగింది. మధ్యలో ఒక వేరు ముక్క బయటికి పొడుచుకొచ్చింది. మాణిక్యమ్మ కాసేపు చూసింది. చేతులు దురదపెట్టాయి. ఇంకాసేపు చూసింది. ఇక ఆగలేకపోయింది.

"ఇదేం బొరియే? కుందేలు తొక్కిన ముద్దలా ఉంది. ఇటు ఇవ్వు."

"నేను చేస్తానమ్మా."

"రామన్నగారు చూస్తే ఏమనుకుంటారు? మాణిక్యమ్మ కూతురికి ఇంతేనా వచ్చింది అనుకోరూ? నువ్వు చెయ్యి పెట్టకు, పాడుచేస్తావ్. పోయి కడుక్కురా."

సూది వాగుకు వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చి పక్కన కూర్చుంది.

మాణిక్యమ్మ తెల్లని బంకమట్టి తెచ్చి, మెత్తగా పిసికి, ఒక బొరియ చేసింది. ఏం బొరియ అనుకున్నారు! ముందు వాకిలి, వెనక వాకిలి, మధ్యలో విశాలమైన సావడి. సావడిలో అడ్డంగా ఒక్క వేరు లేదు, ఒక్క పుల్ల లేదు. గోడలు నున్నగా నాకినట్టున్నాయి. పైన తంగేడు పూల రేకులు కూడా అద్దింది. చేస్తున్నంతసేపూ ఆమెకు ఆకలి కూడా వేయలేదు.

పెద్దాయన వచ్చే రోజు బండ కింద బొరియలన్నీ వరసగా పెట్టారు. దుమ్మి చేసినది పేడకడిలా ఉంది. పైన మందంగా మెత్తిన మట్టి, లోపల అడ్డదిడ్డంగా వేళ్ళు. ఉడుత పిల్ల తన బొరియకు వాకిలి పెట్టడం మర్చిపోయింది. ముంగిస పిల్లది దారిలోనే సగం రాలిపోయింది.

రామన్న ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చి సూది బొరియ దగ్గర ఆగాడు.

"ఆహా! ఎంత చక్కగా ఉందమ్మా! ఎవరు చేశారిది?"

"మా సూది," అంది మాణిక్యమ్మ, సూది నోరు తెరిచేలోపే.

తేనెమ్మ వంగి సూదిని మెల్లగా అడిగింది. "కప్పు ఎంత మందం పెట్టావు తల్లీ?"

సూది తల్లి వైపు చూసింది.

"సావడి కూలకుండా ఏం చేశావు?"

సూది మళ్ళీ తల్లి వైపు చూసింది. మాణిక్యమ్మకు ఒళ్ళు మండింది. ఇంత అందమైన పని ఎదురుగా ఉంటే ఒక్క మెచ్చుకోలు మాట లేదు. ప్రశ్నలేమిటి, ప్రశ్నలు!

"సరే, ఇప్పుడు నీళ్ళు పోసి చూద్దాం," అంది తేనెమ్మ పిల్లలతో.

పిల్లలు గోలగోలగా లేచి దొప్పలతో నీళ్ళు తెచ్చారు. ఉడుత పిల్ల బొరియ కరిగిపోయింది. ముంగిస పిల్లది ఒరిగిపోయింది. పేడకడిలాంటి దుమ్మి బొరియ మాత్రం నీళ్ళు తాగి, నల్లబడి, అలాగే నిలబడింది. దుమ్మి ఎగిరి గంతేసింది. అది అంతకుముందు ఎన్నిసార్లు కూల్చుకుందో దానికే తెలుసు.

దొప్ప సూది బొరియ మీదికి వచ్చేసరికి మాణిక్యమ్మ అడ్డం పడింది.

"అయ్యో, నీళ్ళు పోస్తే పాడైపోదూ! ఇంత కష్టపడి చేసింది!"

"పాడైతే ఎందుకు పాడైందో పిల్లకు తెలుస్తుంది మాణిక్యమ్మగారూ," అంది తేనెమ్మ.

"పాడవడానికేనా చేసేది? విడ్డూరంగా ఉందే!"

ఆమె ఆ బొరియను రెండు చేతుల్లో పదిలంగా పట్టుకుని ఇంటికి తెచ్చేసింది. వచ్చేపోయేవాళ్ళకు కనిపించేలా గుమ్మం పక్కన, అక్కడున్న రాతి అంచు కింద పెట్టుకుంది. చూసిన ప్రతివాళ్ళూ మెచ్చుకున్నారు. మెచ్చుకున్న ప్రతిసారీ ఆమె ముళ్ళు గలగలలాడాయి.

ఆ తర్వాత నుంచి సూది బడి నుంచి శుభ్రంగా రాసాగింది. ఒంటి మీద బురద లేదు. చేతులకు మట్టి లేదు. మొదట మాణిక్యమ్మ సంతోషించింది. పిల్లకు బుద్ధి వచ్చింది అనుకుంది. నాలుగు రోజులు పోయాక ఏదో తేడాగా అనిపించింది. పిల్ల ఇంటికొచ్చి ఏ కబురూ చెప్పడం లేదు. ఏమీ కూలడం లేదు, ఏమీ నిలబడడం లేదు.

ఒకరోజు పొద్దున్నే దుంపలు తవ్వడానికి పిల్లను వెంట తీసుకెళ్ళింది.

"ఇదిగో, ఇక్కడ దుంప ఉంది. తవ్వు," అంది.

సూది చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "నువ్వు తవ్విపెట్టమ్మా," అంది.

"నీకు రాదా?"

"నేను చేస్తే పాడవుతుందిగా."

మాణిక్యమ్మ తనే తవ్వి పెట్టింది, పిల్ల ఆకలికి ఆగలేదు కదా. సూది తిని, మూతి తుడుచుకుని, ఇంకోటి కోసం ఎదురుచూసింది. మొన్నటిదాకా దొరికిన చోటల్లా గోకే పిల్ల ఇలా అయిందేమిటి? చలికాలం దగ్గరపడుతోంది. తప్పెవరిది? ఎంతసేపు ఆలోచించినా బడిదే తప్పని తేలింది. ఆలోచించేది మాణిక్యమ్మ కదా, అలాగే తేలుతుంది.

తిన్నగా బడికి వెళ్ళింది.

"పంతులమ్మగారూ, మీ బడికి వచ్చాక మా పిల్ల ఉన్న పని కూడా మర్చిపోయింది. ఇదేం చదువండీ?"

తేనెమ్మ కోపం తెచ్చుకోలేదు. "బళ్ళో కూడా మట్టి ముట్టుకోవడం లేదండీ. అడిగితే మా అమ్మ చేసిస్తుంది అంటోంది. నాకూ దిగులుగానే ఉంది. ఒక పని చేయండి. రేపు పిల్లతో పాటు మీరూ రండి. కాకపోతే మీ చేతులు ఇంట్లో పెట్టి రండి."

మాణిక్యమ్మ తన చేతులు చూసుకుంది. తేనెమ్మను చూసింది. తిరిగి వచ్చేసింది. చేతులు ఇంట్లో పెట్టి ఎవరైనా ఎలా వస్తారు? ఎలుగుబంటికి తేనె ఎక్కువైతే మతి పోతుందని విన్నది. అది నిజమే కాబోలు అనుకుంది. మర్నాడు బడికి వెళ్ళలేదు.

బెంగగా ఉన్నప్పుడు ఊరికే కూర్చోలేని మనిషి ఆమె. మనిషి అంటే ముళ్ళపందే అనుకోండి. గుమ్మం పక్కనున్న మట్టి బొరియను చూస్తుంటే ఒక ఆలోచన వచ్చింది. బొమ్మే ఇంత బాగుంటే, అసలు ఇల్లు ఇలా ఉంటే ఎంత బాగుంటుంది! వెంటనే లోపలికి పోయి సావడిని వెడల్పు చేయడం మొదలుపెట్టింది. మధ్యలో కుంకుడు చెట్టు వేరు ఒకటి అడ్డంగా ఉంది. దాన్ని కొరికి పారేసింది. గోడలు చెక్కి నున్నగా చేసింది. వెనక దారి వంకరగా ఉందని, తర్వాత తిన్నగా తవ్వుకోవచ్చని మట్టితో మూసేసింది. పోలమ్మ వచ్చి చూసి నోరు తెరిచింది.

"ఇదేం సావడి వదినా, కణుజులు కాపురం చేసేలా ఉంది!"

"అందరికీ చేతకాదులే వదినా," అంది మాణిక్యమ్మ.

అప్పుడు ముసురు పట్టింది. వాన పడింది, ఆగింది, మళ్ళీ పడింది. వాగు పొంగింది. అవతలి గట్టుకు మేతకు వెళ్ళిన పోలమ్మ ఇటు రాలేక అక్కడే చిక్కుకుపోయింది. ఆమె పిల్ల దుమ్మి తెరిపిచ్చేదాకా బడి బండ కిందే తేనెమ్మ దగ్గర ఉంది.

ఒక మధ్యాహ్నం వాన కాస్త తగ్గాక మాణిక్యమ్మ సూదిని తీసుకుని బయటికి వచ్చింది. గుమ్మం పక్కన చూసి అలాగే నిలబడిపోయింది. రాతి అంచు నుంచి నీళ్ళు కారి, మట్టి బొరియ నడుం విరిగి కూర్చుంది. ముందు వాకిలి ఉంది, వెనక వాకిలి ఉంది. మధ్యలో సావడి ఉండాల్సిన చోట బురద ఉంది.

ఇంత బాగా చేస్తే ఎందుకు కూలినట్టు? పేడకడిలాంటి దుమ్మిది నిలబడింది కదా! మాణిక్యమ్మ ముందుకీ వెనక్కీ నడిచింది. పక్కకు వంగి చూసింది. సావడి మధ్యలో ఏమీ లేదు. పైన బరువు, కింద ఖాళీ.

అప్పుడు ఆమెకు ఇంట్లో సావడి గుర్తొచ్చింది.

"నువ్వు బయటే ఉండు, మట్టి అంటుకుంటుంది," అని సూదితో చెప్పి లోపలికి పరుగెత్తింది. కప్పు నుంచి మట్టి రాలుతోంది. ఒక కర్రను అడ్డం పెడదామని ఎత్తింది. కర్ర పెట్టేలోపే కప్పు మొత్తం దిగిపోయింది.

కళ్ళు తెరిస్తే చీకటి. నోట్లో మట్టి. నడుం మీద పెద్ద బరువు. తల చుట్టూ కొంచెం ఖాళీ మాత్రం మిగిలింది. చేతులు కదలడం లేదు. కుంకుడుకోనలో అందరికంటే బాగా తవ్వే చేతులవి. పైకీ కిందకీ తేడా తెలియడం లేదు. ముందు దారి కూలిపోయింది, వెనక దారి తనే మూసేసుకుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, అలా ఉంది ఆమె పని.

ఎక్కడో దూరంగా గొంతు వినిపించింది.

"అమ్మా! అమ్మా!"

"సూదీ! నేనిక్కడున్నానమ్మా! మట్టి తీయవే!"

సూది ఏడుపు గొంతుతో అంది.

"అమ్మా, నాకు రాదు. నువ్వు బయటికొచ్చి తవ్విపెట్టు."

మాణిక్యమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడ్చింది. పిల్ల తప్పేమీ లేదు. ఆ పిల్లకు తెలిసిన దారి అదొక్కటే. ఆ దారి వేసింది తనే.

సూది ఏడుపు విని బడి నుంచి తేనెమ్మ, దుమ్మి పరుగెత్తుకుంటూ వచ్చారు. తేనెమ్మ ఒక్క అడుగు వేసిందో లేదో లోపల మట్టి జలజల రాలింది. మాణిక్యమ్మ కెవ్వుమంది. తేనెమ్మ గబుక్కున వెనక్కి తగ్గింది.

"నా బరువుకి ఇంకా కూలుతుంది," అంది. "మీరిద్దరే వెళ్ళాలమ్మా. తేలిగ్గా ఉన్నవాళ్ళు మీరిద్దరే."

దుమ్మి అప్పటికే తవ్వుతోంది. "నేను తవ్వుతా, నువ్వు మట్టి వెనక్కి లాగు!" అంది సూదితో.

"నాకు రాదు."

"రాకపోతే ఏం? లాగు!"

సూది ఒక చెయ్యి మట్టిలో పెట్టింది. ఆ గోకిన చప్పుడు లోపలికి వినిపించింది. ఇన్నాళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? ఊపిరాడని ఆ చీకట్లో కూడా మాణిక్యమ్మ నోట అదే మాట వచ్చింది.

"సూదీ, నువ్వు చెయ్యి పెట్టకు, పాడుచేస్తావ్!"

గోకడం ఆగిపోయింది.

మాణిక్యమ్మ ఆ నిశ్శబ్దాన్ని విన్నది. తను ఒక్క మాట అంది, పిల్ల చెయ్యి తీసేసింది. ఇన్నాళ్ళూ జరిగింది ఇదేనా? బడి కాదు, పంతులమ్మ కాదు, నురగ కాదు. ఇదేనా? ఆమెకు భయం వేసింది. చచ్చిపోతానని కాదు. తను చచ్చిపోతే ఈ పిల్ల ఆ బురద పక్కన అలాగే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుందని.

"తవ్వు తల్లీ," అంది. మట్టి నమిలి ఉమ్మి, గట్టిగా అరిచింది. "పాడుచేసినా పర్లేదు. నీకు వచ్చినట్టు తవ్వు!"

గోకడం మొదలైంది. మొదట మెల్లగా, తర్వాత జోరుగా. అంతలో దబ్బున చప్పుడైంది. తవ్విన కన్నం మూసుకుపోయింది. సూది గొల్లుమంది.

"చూశావా, నేను చెప్పానుగా, పాడైపోయింది!"

దూరం నుంచి తేనెమ్మ గొంతు వినిపించింది. "ఎందుకు కూలిందో చూడు సూదీ."

బయట పిల్లలిద్దరూ గుసగుసగా మాట్లాడుకున్నారు.

"ఇక్కడ తడి ఎక్కువుంది."

"పైన పట్టుకునేది ఏమీ లేదు."

తర్వాత సూది అడిగింది. "అమ్మా, సావడిలో వేరుండేది కదా, ఎటుంది?"

మాణిక్యమ్మ సిగ్గుపడింది. మట్టి కింద ఉన్నా సిగ్గు సిగ్గే కదా. "కొరికేశానమ్మా," అంది.

"మొత్తమా?"

"కొంచెం మిగిలింది. నా కుడిచేతి పక్క, గోడలో ఉంది."

"అయితే దాని కింద నుంచి వస్తాం. నువ్వు కదలకు!"

ఆ గొంతు సూదిదేనా అని మాణిక్యమ్మ ఆశ్చర్యపోయింది. వేరు కింద మట్టి గట్టిగా ఉంది. చిన్న గోళ్ళు, చిన్న చేతులు, అయినా ఆగలేదు. దుమ్మి ముందు, సూది వెనక. దుమ్మి అలిసిపోతే సూది ముందు, దుమ్మి వెనక. చివరికి మాణిక్యమ్మ ముక్కుకు చల్లగాలి తగిలింది. దాని వెనకే మట్టి కొట్టుకుపోయిన ఒక చిన్న మూతి కనిపించింది.

"అమ్మా!" అంది ఆ మూతి.

కన్నం వంకరగా ఉంది, ఇరుకుగా ఉంది. మాణిక్యమ్మ ఒళ్ళు దగ్గర చేసుకుని, ఏడుస్తూ, దేక్కుంటూ బయటపడింది. గలగలలాడే ఆమె ముళ్ళలో సగం ఆ కన్నంలోనే ఊడిపోయాయి. వెలుతురులో నిలబడితే ఈకలు పీకిన అడవికోడిలా ఉంది. ఎవరూ నవ్వలేదు. సూది మాత్రం కొంచెం నవ్వింది.

మాణిక్యమ్మ సూదిని, దుమ్మిని ఒకేసారి దగ్గరికి తీసుకుంది. దుమ్మికి ముళ్ళు గుచ్చుకున్నాయి. అయినా ఓర్చుకుంది.

"పంతులమ్మగారూ, మీ చదువేమిటో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు," అంది మాణిక్యమ్మ. "కానీ రేపటి నుంచి మా పిల్ల బురదతో ఇంటికి రాకపోతే మాత్రం నేను ఊరుకోను."

తేనెమ్మ కళ్ళు తుడుచుకుని నవ్వింది. దుమ్మిని దగ్గరికి తీసుకుని, "వాగు తగ్గగానే మీ అమ్మకు చెప్పాలి, కుంకుడుకోనలో అందరికంటే బాగా తవ్వేది నువ్వే అని," అంది. ఆ మాటకు దుమ్మి ఆనందం ఇంతా అంతా కాదు.

ఇల్లు పోయింది. చీకటి పడకముందే తలదాచుకోవాలి. మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. మాణిక్యమ్మ గట్టు మీద ఒక చోటు చూసి తవ్వబోయింది. ముందుకు చాచిన చేతుల్ని తనే వెనక్కి తీసుకుని, పొట్ట కింద పెట్టుకుని కూర్చుంది.

"నువ్వు తవ్వు సూదీ," అంది.

సూది తవ్వింది. ఒకసారి రాయి తగిలి పక్కకు తిరిగింది. ఇంకోసారి కప్పు కొంచెం రాలింది, వెళ్ళి ఒక వేరు వెతుక్కుంది. మాణిక్యమ్మ చేతులు దురదపెట్టాయి. అటు కాదు, ఇటు అని నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగించి కూర్చుంది. ఆ సాయంత్రం ఆమె చేసినంత కష్టమైన పని జీవితంలో ఇంకెప్పుడూ చేయలేదు.

బొరియ తయారైంది. వంకరగా ఉంది, పొట్టిగా ఉంది. తల్లీపిల్లా ఇద్దరూ దూరితే మాణిక్యమ్మ నడుం దాకే లోపలికి పట్టింది. మిగిలిన సగం బయటే ఉండిపోయింది. దాని మీద వాన పడుతోంది.

"అమ్మా, నువ్వు తడుస్తున్నావా?" అని సూది నిద్రమత్తులో అడిగింది.

"లేదమ్మా," అంది మాణిక్యమ్మ.

"రేపు ఇంకొంచెం లోపలికి తవ్వుతాలే."

"అలాగే తల్లీ," అని మాణిక్యమ్మ వానలో హాయిగా కళ్ళు మూసుకుంది.

నీతి: పిల్లల పని పెద్దలు చేసిపెడితే పని అందంగా వస్తుంది, పిల్లలకు మాత్రం పని రాదు. తన చేత్తో చేసి, చెడగొట్టుకుని, మళ్ళీ చేసి నేర్చుకున్నదే ఆపదలో ఆదుకుంటుంది.